మాన్యువల్ గేర్ కార్లలో హిల్ స్టార్ట్ అసిస్ట్: తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్త కార్ల బ్రోషర్లలో హిల్ హోల్డ్, హిల్ స్టార్ట్ అసిస్ట్ అన్న మాటలు ఇప్పుడు మామూలైపోయాయి. షోరూంలో "ఎత్తు మీద బండి వెనక్కి జారదు సార్" అని ఒక్క ముక్క చెప్పి తర్వాతి ఫీచర్‌కి వెళ్ళిపోతారు. ఆ ఒక్క ముక్కే నమ్ముకుని ఘాట్ రోడ్డు ఎక్కితే ఇబ్బందే. జారకుండా అది పట్టి ఉంచేది రెండు మూడు సెకన్లు మాత్రమే. ఆ తర్వాత బండిని ఆపాల్సింది మీ కాలే. క్లచ్ పెడల్ ఉన్న కారు నడిపేవాళ్ళకు, కొత్తగా నేర్చుకుంటున్నవాళ్ళకు వచ్చే సందేహాలకు ఇవీ జవాబులు.

హిల్ స్టార్ట్ అసిస్ట్ అసలు ఏం చేస్తుంది?

ఎత్తు మీద బ్రేకు తొక్కి ఆపిన కారును మళ్ళీ కదిలించాలంటే కుడికాలిని బ్రేకు మీంచి తీసి యాక్సిలరేటర్ మీదికి మార్చాలి. అలవాటైనవాళ్ళకు దీనికి సెకను కూడా పట్టదు. కానీ ఆ కాసేపు బ్రేకూ ఉండదు, ఇంజిన్ లాగడం కూడా ఇంకా మొదలవదు. కారు వెనక్కి జారేది అప్పుడే. హిల్ స్టార్ట్ అసిస్ట్ సరిగ్గా అక్కడ అక్కరకొస్తుంది. మీరు కాలు తీసినా, అంతకుముందు మీరు తొక్కిన ఒత్తిడిని బ్రేకుల్లో అలాగే నిలిపి ఉంచుతుంది. ఈలోపు మీరు క్లచ్ వదులుతూ కొంచెం రేజ్ ఇస్తే, ఇంజిన్ బండిని లాగడం మొదలుపెట్టగానే బ్రేకును మెల్లగా వదిలేస్తుంది.

దాని పని అంతే. కారును అది ముందుకు నడపదు, మీ బదులు క్లచ్ వదలదు, క్లచ్ గబుక్కున వదిలేస్తే ఇంజిన్ ఆగిపోకుండా కాపాడదు.

ఇది లేకపోతే కారు ఎంత వెనక్కి జారుతుంది?

అది వాలును బట్టి ఉంటుంది. 7 శాతం వాలు అంటే 100 మీటర్లు ముందుకు వెళ్తే 7 మీటర్లు పైకి ఎక్కడం. అలాంటి చోట న్యూట్రల్‌లో బ్రేకు వదిలేస్తే మొదటి సెకనులో కారు సుమారు ఒక అడుగు జారుతుంది. రెండు సెకన్లకు అది మీటరు దాటుతుంది. 12.5 శాతం వాలు మీద మొదటి సెకనులోనే అర మీటరు పైన, రెండు సెకన్లకు రెండు మీటర్ల పైన జారుతుంది. సమయం రెట్టింపైతే జారే దూరం నాలుగు రెట్లవుతుంది. అందుకే మొదటి సెకను చాలా విలువైనది. కాలు తడబడి కంగారులో ఇంకో సెకను గడిచేసరికి వెనక బంపర్ ఎవరో ఒకరికి తగులుతుంది.

మనుషులతో కలిపి 1200 కిలోల బరువున్న కారును 7 శాతం వాలు వెనక్కి లాగే బలం దాదాపు 84 కిలోల బరువుతో సమానం. 12.5 శాతం దగ్గర అది 149 కిలోలు. లోపల ఐదుగురు, డిక్కీ నిండా సామాను ఉంటే ఇంకా పెరుగుతుంది. ఒంటరిగా వెళ్ళినప్పుడు ఇబ్బంది పెట్టని ఎత్తు, కుటుంబంతో వెళ్ళినప్పుడు భయపెట్టడానికి కారణం ఇదే.

ఘాట్ రోడ్డులో ఎక్కువ కష్టమా, అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపులోనా?

చాలామంది ఘాట్ రోడ్డు అనే అనుకుంటారు. లెక్క చూస్తే తేడా తెలుస్తుంది. మన దేశంలో కొండ రోడ్లకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పే మామూలు వాలు 5 నుంచి 6 శాతం. తప్పనిసరి పరిస్థితుల్లో 7, 8 శాతం దాకా ఒప్పుకుంటారు. పాత రోడ్లలో, హెయిర్‌పిన్ మలుపుల లోపలి అంచున ఇంతకన్నా నిటారుగా ఉండే చోట్లు ఉన్నా, మొత్తం మీద ఘాట్ రోడ్డు బండి ఎక్కగలిగే లెక్కలోనే వేస్తారు. సెల్లార్ ర్యాంపు అలా కాదు. 8 అడుగులకు ఒక అడుగు ఎత్తు చొప్పున కట్టిన ర్యాంపు 12.5 శాతం వాలు. స్థలం చాలక ఇంకా నిటారుగా కట్టినవీ బోలెడు. అంటే రోజూ పొద్దున ఆఫీసుకు బయల్దేరేటప్పుడు ఎక్కే ర్యాంపు తిరుమల ఘాట్ రోడ్డు కన్నా నిటారుగా ఉండవచ్చు.

పైగా ర్యాంపు పైకొచ్చాక గేటు ఉంటుంది, వాచ్‌మన్ గేటు తీసేదాకా ముందు చక్రాలు రోడ్డు అంచున, వెనక చక్రాలు ర్యాంపు మీద పెట్టి ఆగాలి. రోడ్డు మీద బైకులు పోతుంటాయి, వెనక ఇంకో కారు ర్యాంపు ఎక్కుతుంటుంది. నా ఉద్దేశంలో హిల్ స్టార్ట్ అసిస్ట్ అసలు విలువ తెలిసేది ఇక్కడే. హైదరాబాద్, విశాఖ లాంటి ఊళ్ళలో ఫ్లైఓవర్ ఎక్కుతూ ట్రాఫిక్‌లో ఆగినప్పుడు, షాపింగ్ మాల్ పార్కింగ్ నుంచి బయటికొచ్చే మెలికల ర్యాంపులో టికెట్ చూపించడానికి ఆగినప్పుడు కూడా అంతే.

ఘాట్ రోడ్డు కష్టం వేరు. అక్కడ వాలు కన్నా రద్దీ ఇబ్బంది పెడుతుంది. శివరాత్రి రోజుల్లో శ్రీశైలం వెళ్తూ ఈగలపెంట దాటి డ్యామ్ దగ్గరికి దిగి, మళ్ళీ సుండిపెంట వైపు ఎక్కేటప్పుడు బండ్లు బారులు తీరి ఉంటాయి. పది అడుగులు కదలడం, ఆగడం, మళ్ళీ కదలడం. విజయవాడ ఇంద్రకీలాద్రి మీద దసరా రోజుల్లోనూ, సింహాచలం కొండ మీద పండుగల్లోనూ ఇదే పరిస్థితి. ఒక్కసారి ఎత్తు మీద కదిలించడం ఎవరైనా చేస్తారు. మళ్ళీ మళ్ళీ చేయాల్సి వచ్చినప్పుడు ఎడమకాలు అలసిపోతుంది, అప్పుడే పొరపాటు జరుగుతుంది.

లోపల ఇది ఎలా పనిచేస్తుంది?

దీనికంటూ ప్రత్యేకంగా ఒక యంత్రం ఉండదు. కారులో ఈఎస్‌పీ ఉంటే, అంటే జారే రోడ్డు మీద బండి అదుపు తప్పకుండా ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు వేసే ఏర్పాటు ఉంటే, దానికున్న సామగ్రితోనే హిల్ స్టార్ట్ అసిస్ట్ కూడా నడుస్తుంది. అందుకే బ్రోషర్‌లో ఈ రెండూ దాదాపు ఎప్పుడూ పక్కపక్కనే కనిపిస్తాయి.

బ్రేకు ఆయిల్ మాస్టర్ సిలిండర్ నుంచి చక్రాలకు వెళ్ళే దారిలో ఈఎస్‌పీ యూనిట్ ఉంటుంది. అందులో కరెంటుతో తెరుచుకునే, మూసుకునే చిన్న వాల్వులు ఉంటాయి. మీరు బ్రేకు తొక్కి బండి ఆపినప్పుడు ఆయిల్ ఒత్తిడి చక్రాల దాకా చేరుతుంది. కాలు తీయగానే ఆ ఒత్తిడి వెనక్కి రావాలి. సరిగ్గా ఆ క్షణంలో వాల్వు మూసుకుంటే ఒత్తిడి చక్రాల దగ్గరే ఆగిపోతుంది.

ఎప్పుడు మూయాలో తేల్చుకోవడానికి కంప్యూటర్ చాలా సంగతులు చూస్తుంది. బండి ముక్కు ఎంత పైకి లేచి ఉందో ఒక సెన్సర్ చెబుతుంది. చక్రాలు తిరగడం లేదని ఏబీఎస్ సెన్సర్లు, అంటే గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటుకున్న సెన్సర్లు చెబుతాయి. బ్రేకు పెడల్ మీద కాలు ఉందా, క్లచ్ తొక్కి ఉందా, గేరు రివర్స్‌లో ఉందా అన్నవి స్విచ్చుల నుంచి తెలుస్తాయి. ఎప్పుడు వదలాలో ఇంజిన్ కంప్యూటర్ ఇచ్చే సమాచారం చెబుతుంది. ఇంజిన్ ఇచ్చే బలం బండిని ఆ వాలు మీద నిలబెట్టేంత అయిందని లెక్క తేలగానే వాల్వు తెరుచుకుంటుంది.

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం ఉంది. చాలా కార్లలో ఇది కొత్తగా బ్రేకు వేయదు, మీరు వేసిన బ్రేకునే పట్టి ఉంచుతుంది. మీరు పెడల్‌ను సుతారంగా తొక్కి ఆపితే ఆ కాస్త ఒత్తిడే మిగులుతుంది. నిండు లోడుతో నిటారు ఎత్తు మీద అది చాలకపోవచ్చు. అందుకే ఎత్తు మీద ఆగినప్పుడు పెడల్‌ను గట్టిగా తొక్కి ఉంచాలి.

రెండు మూడు సెకన్లేనా? ఇంకాస్త ఎక్కువసేపు పట్టుకోవచ్చు కదా?

డ్రైవర్ కాలు మార్చుకోవడానికి ఆ సమయం చాలు. అంతకన్నా ఎక్కువ ఇస్తే డ్రైవర్ దాన్ని పార్కింగ్ బ్రేకులా వాడడం మొదలుపెడతాడు. కాళ్ళు రెండూ తీసేసి ఫోను చూసుకుంటాడు, పక్కవాళ్ళతో మాటల్లో పడతాడు, ఒక్కోసారి తలుపు తీసి దిగుతాడు కూడా. హైడ్రాలిక్ వాల్వు కరెంటు మీద నిలబడే వస్తువు, గంటల తరబడి బండిని ఆపి ఉంచడానికి చేసింది కాదు. అందుకే సమయం అయిపోగానే వదిలేస్తుంది. హ్యాండ్ బ్రేక్ పని హ్యాండ్ బ్రేకే చేయాలి.

నా కారులో ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

ఓనర్స్ మాన్యువల్ చూడటం అన్నిటికన్నా నమ్మకమైన దారి. ఒకే మోడల్‌లో పై వేరియంట్‌కు ఉండి కింది వేరియంట్‌కు లేకపోవడం ఈ మధ్యదాకా మామూలే. ఇప్పుడు మారుతోంది. ఉదాహరణకు 2024లో వచ్చిన కొత్త స్విఫ్ట్‌లో ఈఎస్‌పీ, హిల్ హోల్డ్ అన్ని వేరియంట్లకూ ఇచ్చారు. బ్రోషర్ చదివేటప్పుడు ఒక్కో కంపెనీ పేరు ఒక్కోలా ఉంటుందని గుర్తుంచుకోండి. మారుతిలో హిల్ హోల్డ్ అసిస్ట్ అని, హ్యుందాయ్, టయోటాలలో హిల్ స్టార్ట్ అసిస్ట్ కంట్రోల్ అని కనిపిస్తుంది. పనిలో పెద్ద తేడా లేదు.

దీన్ని ఆన్ చేయడానికి బటన్ ఉంటుందా?

చాలా కార్లలో ఉండదు. వాలు, బ్రేకు, గేరు పరిస్థితి కుదిరితే దానంతట అదే పనిచేస్తుంది. కొన్ని ఎస్‌యూవీల డ్యాష్‌బోర్డు మీద వాలులో కారు బొమ్మతో కనిపించే బటన్ సాధారణంగా ఎత్తు దిగేటప్పుడు వాడే హిల్ డిసెంట్ కంట్రోల్‌ది. కొత్తగా కారు కొన్నవాళ్ళు ఈ రెండిటి మధ్య తికమక పడుతుంటారు.

సరిగ్గా వాడే పద్ధతి చెప్పండి.

ఎత్తు మీద పూర్తిగా ఆగండి. కుడికాలు బ్రేకు మీద గట్టిగా, ఎడమకాలు క్లచ్ మీద అడుగంటా తొక్కి, ఫస్ట్ గేర్ వేయండి. మీ ముందున్న బండి కదిలాక, క్లచ్‌ను పట్టు అందే దాకా మెల్లగా వదలండి. పట్టు అందినట్టు మూడు గుర్తులు చెబుతాయి: ఇంజిన్ శబ్దం కొంచెం బరువెక్కుతుంది, స్టీరింగ్ సన్నగా అదురుతుంది, బానెట్ ముందు భాగం కాస్త పైకి లేచినట్టు అనిపిస్తుంది. అక్కడ ఎడమకాలిని కదపకుండా నిలిపి, కుడికాలు బ్రేకు మీంచి తీసి యాక్సిలరేటర్ కొంచెం తొక్కండి. బండి ముందుకు కదిలి కొంత దూరం వెళ్ళాక క్లచ్ పూర్తిగా వదలండి.

గమనించారా, ఈ పద్ధతిలో క్లచ్ పట్టు అందాకే బ్రేకు వదులుతున్నాం. హిల్ స్టార్ట్ అసిస్ట్ ఇచ్చే రెండు సెకన్లను క్లచ్ వెతుక్కోవడానికి ఖర్చు పెట్టకూడదు. అలా వెతుకుతూ ఉండగా సమయం అయిపోతే బండి ఒక్కసారిగా జారుతుంది, అప్పటిదాకా జారలేదు కాబట్టి భయం ఇంకా ఎక్కువ వేస్తుంది. ముందే పట్టు చూసుకున్నవాళ్ళకు ఆ రెండు సెకన్లు పూర్తిగా మిగులుతాయి, టెన్షన్ ఉండదు.

డీజిల్ కార్లలో తక్కువ ఆర్‌పీఎం దగ్గరే లాగే బలం ఎక్కువ కాబట్టి కొంచెం రేజ్‌తో సరిపోతుంది. చిన్న పెట్రోల్ ఇంజిన్లకు, ముఖ్యంగా ఏసీ వేసి నలుగురు కూర్చున్నప్పుడు, ఇంకాస్త రేజ్ కావాలి.

కొన్నిసార్లు పనిచేయదు. చెడిపోయినట్టా?

చెడిపోకపోయినా పనిచేయని సందర్భాలు చాలా ఉన్నాయి. వాలు మరీ తక్కువైతే సెన్సర్ దాన్ని ఎత్తుగా లెక్కపెట్టదు. కంటికి ఎత్తులా కనిపించే రోడ్డు రెండు శాతమే ఉండవచ్చు. బండి పూర్తిగా ఆగకముందే బ్రేకు వదిలితే పట్టుకోదు. బ్రేకు చాలా తేలిగ్గా తొక్కినా, ఇంజిన్ ఆఫ్‌లో ఉన్నా అంతే. కొన్ని కార్లలో డ్రైవర్ తలుపు తెరిచి ఉన్నా, హ్యాండ్ బ్రేక్ లాగి ఉన్నా పనిచేయదు. ముక్కు పైకి ఉండగా రివర్స్ గేర్ వేస్తే పట్టుకోదు, మీరు కావాలనే వెనక్కి వెళ్తున్నారని దానికి అర్థమవుతుంది.

డ్యాష్‌బోర్డు మీద కారు, కింద మెలికల చారలు ఉన్న పసుపు దీపం ఆరకుండా వెలుగుతుంటే మాత్రం ఈఎస్‌పీలో లోపం ఉన్నట్టు. అప్పుడు హిల్ స్టార్ట్ అసిస్ట్ కూడా ఉండదనే అనుకుని నడపాలి. ఏబీఎస్ దీపం వెలిగినా అంతే. బ్రేకు లైటు స్విచ్ పాడైనా ఇదే ఫలితం రావచ్చు, అది చిన్న రిపేరే. సర్వీస్ సెంటర్‌లో స్కానర్ పెడితే ఏ సెన్సర్ దగ్గర గోల ఉందో తేలుతుంది.

రివర్స్‌లో ఎత్తు ఎక్కాలంటే?

ముక్కు కిందికి, వెనక భాగం పైకి ఉండి, రివర్స్ గేర్ వేసి వెనక్కి ఎక్కాలనుకుంటే కూడా చాలా కార్లలో పట్టుకుంటుంది. సెల్లార్‌లో తిప్పుకునే చోటు లేక రివర్స్‌లోనే ర్యాంపు ఎక్కేవాళ్ళకు ఇది మంచి ఊరట. అయితే మీ కారు రివర్స్‌లో పట్టుకుంటుందో లేదో ఖాళీ చోట ఒకసారి చూసుకున్నాకే నమ్మండి.

క్లచ్ ప్లేట్ ఎక్కువ రోజులు వస్తుందా?

వాడే తీరు బాగుంటే వస్తుంది. ఎత్తు మీద క్లచ్ ప్లేట్‌ను తినేసేది రెండు అలవాట్లు. ఒకటి, జారుతుందేమోనన్న భయంతో ఇంజిన్‌ను అరిపించి క్లచ్‌ను సగంలో పట్టుకోవడం. రెండోది ఇంకా చెడ్డది: ట్రాఫిక్‌లో బ్రేకు తొక్కకుండా, హాఫ్ క్లచ్‌తో రేజ్ ఇస్తూ బండిని ఎత్తు మీద నిలబెట్టడం. చూడటానికి నైపుణ్యంలా కనిపిస్తుంది. లోపల ప్లేటు, ఫ్లైవీల్ ఒకదాన్నొకటి రాసుకుంటూ కాలిపోతుంటాయి. పాత రబ్బరు కాలినట్టు వాసన వచ్చిందంటే అప్పటికే నష్టం జరిగినట్టే. అలాంటప్పుడు వీలైనచోట పక్కకు ఆపి, క్లచ్ చల్లారే దాకా ఆగడం మంచిది.

హిల్ స్టార్ట్ అసిస్ట్ ఉంటే ఈ రెండు అలవాట్లకూ కారణమైన భయం తగ్గుతుంది. భయం తగ్గితే రేజ్ తగ్గుతుంది. క్లచ్‌కు మేలు జరిగేది ఆ దారిలోనే.

నా కారు పాతది, ఈ సదుపాయం లేదు. విడిగా పెట్టించుకోవచ్చా?

ఈఎస్‌పీ లేని కారుకు బయట పెట్టించడం మంచిది కాదు. బ్రేకు లైన్లలో చేయి పెట్టి బిగించే సామగ్రి ఏదైనా ప్రాణాల మీదికి తెచ్చే ప్రమాదం ఉంది. దాని అవసరం కూడా లేదు. ప్రతి మాన్యువల్ కారులోనూ దీనికి సాటి వచ్చే వస్తువు ముందే ఉంది, అదే హ్యాండ్ బ్రేక్.

ఎత్తు మీద ఆగగానే హ్యాండ్ బ్రేక్ గట్టిగా లాగండి. ఇప్పుడు కుడికాలికి బ్రేకుతో పని లేదు, యాక్సిలరేటర్ మీదికి తెచ్చుకోవచ్చు. ఫస్ట్ గేర్ వేసి, కొంచెం రేజ్ ఇచ్చి, క్లచ్ పట్టు అందే దాకా వదలండి. బానెట్ లేచి, బండి వెనక భాగం కొంచెం కుంగినట్టు అవుతుంది. బండి ముందుకు వెళ్దామని చూస్తోంది, హ్యాండ్ బ్రేక్ ఆపుతోంది. అప్పుడు లివర్ బటన్ నొక్కి, పూర్తిగా కిందికి దించండి. ఒక్క అంగుళం కూడా జారకుండా కదులుతుంది.

ఈ పద్ధతిలో మూడు కాదు ముప్పై సెకన్లు ఆగినా ఏమీ కాదు. అందుకే హిల్ స్టార్ట్ అసిస్ట్ ఉన్న కారు ఉన్నవాళ్ళు కూడా దీన్ని నేర్చుకుని తీరాలని గట్టిగా చెబుతాను. సెన్సర్ పాడైన రోజు, స్నేహితుడి పాత కారు నడపాల్సి వచ్చిన రోజు ఇదే ఆదుకుంటుంది. కేబుల్ హ్యాండ్ బ్రేక్ వదులైతే, అంటే లివర్ చాలా పైకి లాగితే గానీ పట్టుకోకపోతే, మెకానిక్ దగ్గర బిగింపు చేయించండి. కొన్ని నిమిషాల పని.

లైసెన్స్ పరీక్షకు దీని మీద ఆధారపడవచ్చా?

చాలా టెస్ట్ ట్రాకుల్లో 8, హెచ్ ఆకారపు దారుల్లో నడపడంతో పాటు ఎత్తు మీద ఆపి మళ్ళీ కదిలించే పరీక్ష ఉంటుంది. అక్కడ బండి వెనక్కి జారితే ఫెయిల్ అయ్యే ప్రమాదం ఉంది. డ్రైవింగ్ స్కూల్ కార్లు ఎక్కువగా పాతవి, వాటిలో ఈ సదుపాయం ఉండకపోవచ్చు. నేర్చుకునేటప్పుడే హ్యాండ్ బ్రేక్ పద్ధతి చెప్పమని అడగండి. కొన్ని స్కూళ్ళలో చదును రోడ్డు మీదే అన్ని క్లాసులూ ముగిస్తారు. ఒక్క క్లాసైనా ఫ్లైఓవర్ పక్కనుండే సర్వీస్ రోడ్డు ఎత్తు మీదో, ఊరి చివర చెరువు కట్ట ఎక్కే దారిలోనో చేయించమని పట్టుబట్టండి. డబ్బు కట్టింది మీరు.

ఏఎంటీ కారుకు ఇది అవసరమా? అందులో క్లచ్ పెడలే లేదు కదా?

ఏఎంటీ అంటే మాన్యువల్ గేర్‌బాక్స్‌కే గేర్లు వాటంతట అవే మారే ఏర్పాటు పెట్టినది. పెడల్ లేకపోయినా లోపల క్లచ్ మామూలుదే. మన దేశంలో 2014లో మారుతి సెలేరియోతో ఏఎంటీ చవక కార్లలోకి వచ్చింది. అందులో క్లచ్‌ను కాలికి బదులు యంత్రం నొక్కుతుంది, వదులుతుంది. బ్రేకు మీంచి కాలు తీశాక ఆ యంత్రం క్లచ్ పట్టు అందుకోవడానికి కాసేపు పడుతుంది. ఆలోపు ఎత్తు మీద బండి జారుతుంది. అందుకే ఏఎంటీకి హిల్ హోల్డ్ మాన్యువల్ కారుకన్నా ఎక్కువ అవసరమని నా అభిప్రాయం. మాన్యువల్‌లో కనీసం క్లచ్ మీ చేతిలో, సరిగ్గా చెప్పాలంటే మీ కాలి కింద ఉంటుంది. ఇందులో అదీ లేదు. ఎత్తు మీద యాక్సిలరేటర్ తొక్కి ఏఎంటీ బండిని నిలబెట్టకండి, క్లచ్ వేడెక్కిపోతుంది.

ఆటో హోల్డ్, హిల్ స్టార్ట్ అసిస్ట్ ఒకటేనా?

కాదు. ఆటో హోల్డ్ సాధారణంగా ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేక్ ఉన్న కార్లలో వస్తుంది, బటన్‌తో ఆన్ చేసుకోవాలి. చదును రోడ్డు మీద కూడా, మీరు కదిలించేదాకా పట్టి ఉంచుతుంది. రెండు మూడు సెకన్ల పరిమితి దానికి లేదు. మాన్యువల్ గేర్ కార్లలో ఇది తక్కువ.

దిగేటప్పుడు ఇది ఉపయోగపడుతుందా?

పడదు. తిరుమలకు రెండో ఘాట్ రోడ్డులో ఎక్కి, మొదటి ఘాట్ రోడ్డులో దిగుతాం. ఎక్కేటప్పుడు మధ్యలో ఆగితే హిల్ స్టార్ట్ అసిస్ట్ సాయం చేస్తుంది. దిగేటప్పుడు మాత్రం భారం అంతా గేరు మీదా బ్రేకుల మీదా ఉంటుంది. సెకండ్ గేర్‌లో దిగితే ఇంజినే బండిని వెనక్కి పట్టి ఉంచుతుంది. పెట్రోల్ మిగులుతుందని న్యూట్రల్ చేయడం ప్రమాదకరమైన పని. పైగా ఇప్పటి ఇంజిన్లు గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంధనం సరఫరా ఆపేస్తాయి, న్యూట్రల్‌లోనే తాగుతాయి. అదేపనిగా బ్రేకు తొక్కుతూ దిగితే ప్యాడ్లు వేడెక్కి పట్టు తగ్గుతుంది. అరకు నుంచి అనంతగిరి మీదుగా దిగేటప్పుడైనా, మారేడుమిల్లి ఘాట్‌లోనైనా ఇదే సూత్రం.

వానలో, మట్టి రోడ్డు మీద పట్టుకుంటుందా?

అది చక్రాలను పట్టుకుంటుంది. చక్రానికీ రోడ్డుకూ మధ్య పట్టు లేకపోతే చేయగలిగింది ఏమీ లేదు. బురద ఎత్తు మీద నాలుగు చక్రాలూ బిగుసుకుని ఉన్నా బండి మొత్తం జారవచ్చు. టైర్ల గాళ్ళు అరిగిపోయి ఉంటే తడి సిమెంటు ర్యాంపు మీద కూడా చక్రం తిరుగుతుంది గానీ బండి కదలదు. అలాంటప్పుడు రేజ్ పెంచకండి, తగ్గించండి.

ఈ ఆలోచన ఎప్పటిది?

కంప్యూటర్ల కన్నా పాతది. అమెరికాలో స్టూడెబేకర్ కంపెనీ 1936లోనే తన కార్లలో హిల్ హోల్డర్ ఇచ్చింది. బ్రేకు లైనులో ఒక చిన్న గుండు ఉండేది. బండి ముక్కు పైకి లేస్తే గుండు వెనక్కి దొర్లి ఆయిల్ దారికి అడ్డం పడేది. క్లచ్ తొక్కి ఉన్నంతసేపు ఒత్తిడి నిలిచేది, క్లచ్ వదలగానే విడిచిపెట్టేది. 1980లలో సుబారు కూడా క్లచ్‌కు కలిపిన ఇలాంటి ఏర్పాటే మాన్యువల్ కార్లలో ఇచ్చింది. 1995లో మెర్సిడెస్ కార్లలో బాష్ ఈఎస్‌పీ వచ్చి, తర్వాత అది చిన్న కార్లకూ పాకడంతో, అదనపు సామగ్రి పెద్దగా లేకుండానే ఈ పని సాఫ్ట్‌వేర్‌తో జరిగిపోతోంది.

స్కూటర్లలో కూడా ఉందా?

ఏథర్ 450ఎక్స్ లాంటి కొన్ని ఎలక్ట్రిక్ స్కూటర్లలో ఆటో హోల్డ్ ఉంది. ఖరీదైన కొన్ని పెద్ద బైకుల్లో హిల్ హోల్డ్ ఇస్తున్నారు. మామూలు బైకుకు వెనక బ్రేకు కాలితో తొక్కి ఉంచి, చేత్తో క్లచ్ వదలడమే పద్ధతి.

సెకండ్ హ్యాండ్ కారు కొంటున్నాను. పనిచేస్తుందో లేదో ఎలా చూడాలి?

వెనక బండ్లు, మనుషులు లేని ఒక మంచి ఎత్తు చూసుకోండి. సెల్లార్ ర్యాంపు అయితే సరిగ్గా సరిపోతుంది. బండి ఆపి, క్లచ్, బ్రేకు పూర్తిగా తొక్కి, ఫస్ట్ గేర్ వేయండి. క్లచ్ అలాగే ఉంచి బ్రేకు మీంచి కాలు తీసి, పెడల్‌కు దగ్గరగానే సిద్ధంగా పెట్టుకోండి. రెండు సెకన్లు నిలబడి ఆ తర్వాత జారడం మొదలైతే పనిచేస్తున్నట్టు. వెంటనే బ్రేకు తొక్కండి. కాలు తీసీ తీయగానే జారితే పనిచేయడం లేదు. ఇగ్నిషన్ ఆన్ చేయగానే ఈఎస్‌పీ దీపం వెలిగి కాసేపటికి ఆరాలి. అసలు వెలగకపోతే దీపాన్ని పీకేశారేమోనని అనుమానించాలి. అదే ర్యాంపు మీద క్లచ్ పరిస్థితి కూడా తెలిసిపోతుంది: ఇంజిన్ అరుస్తున్నా బండి బద్ధకంగా కదిలితే ప్లేటు అరిగినట్టు, ధర తగ్గించి అడగండి.

వెనక బండి మరీ ఆనుకుని ఉంటే?

మన రోడ్ల మీద ఎత్తులో కూడా అడుగు దూరంలో ఆపేస్తారు. వెనకవాళ్ళను మార్చలేం గానీ ముందున్న బండికి మనం చోటు వదలవచ్చు. ముందున్నది లారీ, బస్సు లేదా ఆటో అయితే కనీసం ఒక కారు పట్టేంత దూరం ఉంచండి. అవి కదిలేటప్పుడు కొంచెం వెనక్కి జారడం మామూలే. వెనకవాళ్ళు హారన్ కొడుతున్నారని కంగారుపడి క్లచ్ గబుక్కున వదలకండి. అనుమానంగా ఉంటే హ్యాండ్ బ్రేక్ లాగి నిదానంగా కదలండి. ఒక్క నిమిషం ఆలస్యమైతే ఎవరికీ ఏమీ కాదు.

ఎత్తు మీద కదిలిస్తుండగా ఇంజిన్ ఆగిపోతే ఏం చేయాలి?

మొదట బ్రేకు. కీ వైపు చేయి పోనివ్వకండి. ఇంజిన్ ఆగిన క్షణం నుంచి హిల్ స్టార్ట్ అసిస్ట్ పట్టుకుంటుందని అనుకోకూడదు. బ్రేకు గట్టిగా తొక్కి అలాగే ఉంచండి. ఇంజిన్ ఆగినా, బ్రేకు తొక్కడాన్ని తేలిక చేసే బూస్టర్‌లో మిగిలిన వాక్యూమ్‌తో రెండు మూడుసార్లు బ్రేకు మామూలుగా పడుతుంది. అందుకే వదిలి, తొక్కి, మళ్ళీ వదిలి ఆ బలాన్ని ఖర్చు చేయకండి. తర్వాత హ్యాండ్ బ్రేక్ లాగండి. క్లచ్ తొక్కి, గేరు న్యూట్రల్‌లోకి తెచ్చి, స్టార్ట్ చేయండి. స్టీరింగ్ కాసేపు బరువుగా ఉంటుంది, ఇంజిన్ రాగానే మామూలవుతుంది. అవసరమైతే హజార్డ్ లైట్లు వేయండి. రెండోసారి కదిలించేటప్పుడు హిల్ స్టార్ట్ అసిస్ట్ ఉన్నా సరే, హ్యాండ్ బ్రేక్ పద్ధతిలోనే కదలండి. రెండుసార్లు ప్రయత్నించినా ఆగిపోతుంటే బండిలో ఉన్న మరొకరిని దించి, చక్రం వెనక రాయి పెట్టించండి. ఆ మనిషి బండికి నేరుగా వెనక కాకుండా పక్కగా నిలబడాలి.